కరిగిపోయే పేస్‌మేకర్: మీ ఇంటి పిల్లకైతే పెట్టిస్తారా?

గుణుపురం_లక్ష్మి
అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో ఒక పేస్‌మేకర్ (కొద్దిగా కరెంటు ఇచ్చి గుండెను లయలో కొట్టించే పరికరం) గురించి రాశారు. బియ్యపు గింజ కన్నా చిన్నది, పొడవు 3.5 మిల్లీమీటర్లు. సిరంజితో లోపలికి పంపొచ్చు. గుండె లయ తప్పితే ఛాతీ మీద అంటించిన పట్టీ గుర్తుపట్టి, వెలుతురుతో దాన్ని పనిచేయిస్తుంది. అవసరం తీరాక ఒంట్లోనే కరిగిపోతుంది.

గుండె ఆపరేషన్ అయిన పసిపిల్లలకు చాలామందికి వారం రోజులే పేస్‌మేకర్ కావాలి. ఇప్పుడైతే గుండెకు తీగలు కుట్టి, తర్వాత బయటికి లాగుతారు. మా అక్క కూతురికి విశాఖలో లాగినప్పుడు నేను గది బయట నిలబడి ఉన్నాను. ఆ ఏడుపు మర్చిపోలేదు. ఇది వస్తే నేను పెట్టించమంటాను.

పర్లాకిమిడి_మాస్టారు
కరిగింది ఎక్కడికి పోతుంది? ముందు అది చెప్పండి. ఇలాంటి వాటిలో మెగ్నీషియం వాడతారు. అది ఒంట్లో కరిగేటప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి.

గుణుపురం_లక్ష్మి
పెద్దవాళ్ళ ఒంట్లో మెగ్నీషియం దాదాపు 25 గ్రాములు ఉంటుంది మాస్టారూ. బియ్యపు గింజంత దాంట్లో ఎంతుంటుంది? కుట్లకు కరిగే దారం ఎన్నాళ్ళ నుంచో వాడుతున్నారు, ఎవరూ అడగలేదే!

బరంపురం_మొబైల్స్
ఫోన్ బోర్డులు కూడా ఇలా కరిగితే బాగుణ్ణు. 2022లో ప్రపంచంలో పోగైన ఈ-వేస్ట్, అంటే పారేసిన ఎలక్ట్రానిక్ సామాను, 6.2 కోట్ల టన్నులు. లెక్కలోకి వచ్చి రీసైకిల్ అయింది 22.3 శాతమే. మా షాపు వెనక గోనెసంచులు చూస్తే బాధేస్తుంది.

పర్లాకిమిడి_మాస్టారు
అది వేరే చర్చలో మాట్లాడదాం. లక్ష్మిగారూ, కుట్టు దారం వేరు, కరెంటు ఇచ్చేది వేరు. గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే గొట్టాన్ని స్టెంట్ అంటారు. ఆబ్జార్బ్ అనే కరిగే స్టెంట్‌కు 2016లో అమెరికా అనుమతి ఇచ్చింది. లోహపు స్టెంట్ కన్నా గుండె సమస్యలు ఎక్కువ వస్తున్నాయని తేలింది, 2017లోనే అమ్మకం ఆపేశారు.

రాయగడ_కుర్రాడు
మాస్టారూ, ఆ స్టెంట్‌లో కరెంటే లేదు. అది ప్లాస్టిక్ లాంటి పాలిమర్, కరగడానికి మూడేళ్ళు పట్టేది. దారంతో పోల్చొద్దన్న మీరే స్టెంట్‌తో ఎలా పోలుస్తారు?

సిరొంచ_వాసి
ఆ వ్యాసంలో ఉన్నవి జంతువుల మీద, చనిపోయిన దాతల గుండెల మీద చేసిన పరీక్షలే. పిల్లలకు పెట్టిస్తారా అని ఇప్పుడే అడగడం తొందర.

గుణుపురం_లక్ష్మి
తీగల వల్ల ప్రమాదం లేదా? చంద్రుడి మీద నడిచిన ఆర్మ్‌స్ట్రాంగ్ 2012లో గుండె ఆపరేషన్ అయ్యాక, ఆ తీగలు తీసినప్పుడు లోపల రక్తం కారే పోయారు. మాస్టారికి కొత్తది ఏదైనా తప్పే. లాగేది మీ పిల్లకు కాదు కదా.

పర్లాకిమిడి_మాస్టారు
ఆ మాట అనకూడదమ్మా. నా భార్యకు తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. ఏడాదికి తీస్తాం రమ్మన్నారు. తీయించడానికి వెళ్ళాం కాబట్టే లోపల చీము పట్టిందని తెలిసింది. తీయాల్సిన పనే లేకపోతే మేము వెళ్ళేవాళ్ళం కాదు, వాళ్ళూ పిలిచేవాళ్ళు కాదు. తీగలున్న బిడ్డను అవి తీసేదాకా డాక్టర్లు కళ్ళెదుట ఉంచుకుంటారు. కరిగేది పెడితే మంచం ఖాళీ చేయమంటారు. నా భయం అదీ. మెగ్నీషియం కాదు.

గుణుపురం_లక్ష్మి
అన్నందుకు క్షమించండి. కానీ మా బావ సంగతి వినండి. ఆయన కాలికీ రాడ్ వేశారు. తీయించడానికి రెండుసార్లు రైలెక్కి వెళ్ళాడు. ఒకసారి డాక్టరు లేరు. ఇంకోసారి మా ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ చెల్లదు, డబ్బు కట్టమన్నారు. కూలి పోయింది, రాడ్ కాలులోనే ఉండిపోయింది. చలికాలం వస్తే కుంటుతాడు. మీరు వెళ్ళగలిగారు, చీము బయటపడింది. వెళ్ళలేనివాళ్ళకు కరిగేదే దిక్కు.

సిరొంచ_వాసి
మహారాష్ట్ర అంచున ఉన్న మాకూ అంతే. గోదావరి మీద వంతెన వచ్చింది, వరంగల్ దాకా వెళ్తున్నాం. రెండోసారి పిలిస్తే సగం మంది వెళ్ళరు.

పర్లాకిమిడి_మాస్టారు
వెళ్ళలేరనే చెప్తున్నాను. ఇంటికి పంపాక ఆ బిడ్డ గుండెను ఎవరు చూస్తారు?

గుణుపురం_లక్ష్మి
పట్టీ చెప్పేది మన ఊరి ఆసుపత్రిలోనే చూసే ఏర్పాటు ఉంటే ఒప్పుకుంటారా?

పర్లాకిమిడి_మాస్టారు
చూసే డాక్టరు ఉంటే ఒప్పుకుంటాను. పట్టీ కన్నా ముందు ఆ డాక్టర్ని అడగమ్మా, నేనూ నీతో అడుగుతాను.