“అల్లుడూ, అంతా తెగిపోయింది!” – మక్కీకి మక్కీ ఇలా వచ్చే ఒక ఫ్రెంచి నాటకంలోని మాటని మంచి తెలుగులో ఎలా అనాలి?

మొన్న ‘ఇటాలియన్ గడ్డి టోపీ’ చూశాను, రెనే క్లేర్ తీసిన ఫ్రెంచి మూకీ, 1928లో వచ్చింది. పెళ్ళిరోజున పెళ్ళికొడుకు గుర్రం ఎవరో ఆవిడ టోపీ నమిలేస్తుంది, ఆవిడేమో మొగుడికి తెలియకుండా ఒక మిలిటరీ ఆఫీసరుతో వచ్చింది, అచ్చం అలాంటి టోపీ లేకుండా ఇంటికి పోవడానికి లేదు. ఇక పెళ్ళికొడుకు టోపీ వెంట, పెళ్ళివారు అతని వెంట.

దీనికి మూలం 1851లో లబీష్, మార్క్-మిషెల్ కలిసి రాసిన ప్రహసనం, అంటే నవ్వుల నాటకం. (మన పేపర్లలో ప్రహసనమంటే ‘విచారణ ప్రహసనంగా మారింది’ అనడానికే మిగిలింది, అది వేరే బాధ.) నాటకంలో పిల్ల తండ్రికి అడుగడుక్కీ ఒకటే ఊతపదం: “అల్లుడూ, అంతా తెగిపోయింది!” మూకీలో అలాంటిది కష్టం, ప్రతిసారీ అక్షరాలు వేస్తే ఎవరు చూస్తారు? అందుకే క్లేర్ ఊతపదం పని వస్తువులతో చేయించాడు. పెళ్ళిలో ఒకావిడ మొగుడికి టై సర్దుకోమని సైగ చేస్తుంటే, ఉపన్యాసం దంచుతున్న మేయరుతో సహా మగాళ్ళందరూ తమ టైలు తడుముకుంటారు. పడీ పడీ నవ్వాను.

సరే, నా ప్రశ్న. ఆ మాటకి నేను “పెళ్ళి పెటాకులే!” అని రాసుకున్నాను. బాగుందా?

జవాబు: కుదరదండీ. పెటాకులు అయిపోయిన పెళ్ళికి అంటాం, ఈయన బెదిరిస్తున్నాడంతే. పైగా మీరు ‘అల్లుడూ’ని ఎగరగొట్టేశారు. నోరారా అల్లుడూ అని పిలుస్తూనే సంబంధం లేదంటాడు చూశారా, నవ్వంతా అక్కడే ఉంది. “అల్లుడుగారూ, ఈ సంబంధం క్యాన్సిల్!” అంటే సరి.

జవాబు: క్యాన్సిల్ ఏంటండీ, ట్రైన్ టికెట్టా? ఆ మామ మొక్కల నర్సరీ నడిపే మనిషి, నాటకంలో పూలకుండీ కూడా మోసుకొస్తాడు. మా తెలంగాణల పూలు కొయ్యం, తెంపుతం. సంబంధం కూడా తెంపుకుంటాం. “అల్లుడా, తెంపేసిన!” అనిపించండి.

మళ్ళీ నేను: ఇదే ఖాయం. పెటాకులు కొట్టేశాను.