ప్రభుత్వ అడవికి సారథ్యం ఎవరిది: బదిలీ అయ్యే అధికారిదా, అక్కడే ఉండే జనానిదా?

బన్నేరుఘట్ట రోడ్డు:

ప్రభుత్వ అధీనంలో ఉన్న అడవిని నడిపించవలసినది అటవీ శాఖ అధికారా, లేక ఆ అడవిని ఆనుకుని బతుకుతున్న ప్రజలా అన్న ప్రశ్న బెంగళూరులోని మన తెలుగువాళ్ల మధ్య తరచుగా వస్తున్నది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వ్యవహారంలో సుప్రీంకోర్టు స్వయంగా జోక్యం చేసుకుని చెట్ల నరికివేతను ఆపించినప్పుడు, ప్రభుత్వాన్నీ అధికారులనూ నమ్ముకుంటే అడవి మిగలదని ఇక్కడ చాలామంది తేల్చేశారు. ఆ తీర్మానాన్ని నేను అంగీకరించలేను. సారథ్యం శిక్షణ పొందిన అధికారి చేతిలోనే ఉండాలనీ, అయితే ఆ అధికారి ఒకే డివిజన్‌లో కనీసం ఐదేళ్లు నిలవాలనీ నా వాదన. నేడు మన అడవులకు కరువైనది ఆ నిలకడే.

కారణం చెబుతాను. ప్రతి అటవీ డివిజన్‌కూ పదేళ్లకు ఒక వర్కింగ్ ప్లాన్ ఉంటుంది. ఏ కంపార్ట్‌మెంటును, అంటే అడవిని విభజించిన ఏ ముక్కను, ముట్టకుండా వదలాలి, ఎక్కడ చెట్లు నరకవచ్చు, ఎక్కడ మొలకలను వాటంతట అవే ఎదగనివ్వాలి అన్నది అందులో ముందే రాసి ఉంటుంది. దానిని అమలు చేయవలసిన అధికారి పదవీకాలం మాత్రం వేరే లెక్కలో నడుస్తుంది. టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, 2014లో అఖిల భారత సర్వీసుల కేడర్ నిబంధనలను సవరించి ఒక పోస్టులో కనీసం రెండేళ్లు ఉంచాలన్నారు. ఆ నిబంధనను తు.చ. తప్పకుండా పాటించినా ఒక్క ప్లాన్ ముగిసేలోగా ఐదుగురు అధికారులు మారవచ్చు. మొదటివారు నాటించిన మొక్క మనిషెత్తు కాకముందే రెండవవారు వస్తారు. మూడవవారికి ఆ మొక్కను అక్కడ ఎందుకు నాటారో తెలియదు.

దీని ఫలితాన్ని బెంగళూరు, కోలారు చుట్టుపక్కల కళ్లారా చూడవచ్చు. నీలగిరి చెట్లను ఒక తరం అధికారులు వరుసలు వరుసలుగా నాటించారు. భూగర్భ జలాల మీద ఆందోళన పెరిగి 2017లో రాష్ట్ర ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. నాటించినవారిలో ఎవరూ నేడు జవాబు చెప్పే స్థానంలో లేరు. పీణ్య ప్లాంటేషన్ సంగతి చూడండి. గడియారాల కంపెనీగా పేరున్న ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఎంటీ అధీనంలో ఉన్న ఆ భూమిని అటవీ జాబితా నుంచి తొలగించేందుకు అనుమతించాలని అటవీ శాఖ అధికారులే సుప్రీంకోర్టును కోరారు. 2024లో అటవీ మంత్రి ఆ దరఖాస్తును వెనక్కు తీసుకోవాలని ఆదేశించారు. శాఖ ఒకటే, భూమి ఒకటే, వైఖరులు మాత్రం రెండు.

నిలకడగా ఉండి పనిచేసిన మనిషి ఏమి చేయగలడో తెలుసుకోవడానికి మనవాడే ఒకరున్నారు. రాజమహేంద్రవరంలో పుట్టి కర్ణాటక కేడర్‌లో చేరిన పందిళ్లపల్లి శ్రీనివాస్ గారు, వీరప్పన్ సొంత ఊరైన గోపీనాథంలోనే జనానికి వైద్యం అందేలా చూశారు, మారియమ్మ గుడి కట్టించారు, ఆ ఊరివారి నమ్మకాన్ని సంపాదించారు. 1991 నవంబరు 10న వీరప్పన్ చేతిలో ప్రాణాలు కోల్పోయారు. 1992లో ఆయనకు మరణానంతరం కీర్తి చక్ర ప్రకటించారు. ఆయన అధికారి, ప్రజలకు ఎదురు నిలబడిన అధికారి కాదు.

హెబ్బాళ పాఠకురాలు:

బన్నేరుఘట్ట రోడ్డు గారూ, మీరు చెప్పిన రోగం నిజమే కానీ మందు తప్పు. పదేళ్ల ప్లాన్‌కు పదేళ్లూ అక్కడే ఉండే మనిషి కావాలన్నదే మీ బాధ అయితే, అలాంటి మనుషులు అడవిలో ఇప్పటికే ఉన్నారు. వారికి బదిలీ ఉత్తర్వులు రావు.

చామరాజనగర జిల్లాలోని బిళిగిరిరంగన బెట్టను చూడండి. సోలిగలు అనే ఆదివాసులు అక్కడ తరతరాలుగా ఉన్నారు. ఎండాకాలం ముదరకముందే రాలిన ఆకులను, ఎండిన గడ్డిని చిన్న మంటతో కాల్చివేసే అలవాటు వారికి ఉండేది. దానిని వారు తరగు బెంకి అంటారు. 1974లో ఆ కొండలను అభయారణ్యంగా ప్రకటించారు. లోపలి ఊళ్లను అంచులకు తరలించారు, నిప్పు పెట్టడం నేరమైంది. అప్పటి నుంచి లాంటానా, అంటే మనం తలంబ్రాల మొక్క అనే పొద, అడవి అడుగు భాగాన్ని కమ్ముకుంటూ వచ్చిందని సోలిగలు మొదటినుంచీ చెబుతున్నారు. మన బెంగళూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ పరిశోధకులు 1997లో, మళ్లీ 2008లో అదే అడవిని కొలిచి ఆ పొద విపరీతంగా విస్తరించిందని నమోదు చేశారు. సోలిగల మాటను మొదటే విని ఉంటే అంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం. శిక్షణ పొందిన అధికారులు అన్ని దశాబ్దాలూ అక్కడే ఉన్నారు కదా! వారు ఎంతకాలం ఉన్నారన్నది కాదు, ఎవరి మాటకు విలువ ఇచ్చారన్నదే అసలు ప్రశ్న.

2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(ఐ) కింద, గ్రామసభకు తన సామూహిక అటవీ వనరును కాపాడే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కును స్పష్టంగా ఇచ్చింది. దేశంలో ఒక పులుల అభయారణ్యంలో సామూహిక హక్కులు మొదటగా గుర్తింపు పొందినది 2011లో, ఆ బిళిగిరి కొండలలోనే. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మేండా లేఖ గ్రామం 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద హక్కు పత్రం పొందింది, తన వెదురును తానే అమ్ముకుంటున్నది. ఒడిశాలోని నియమగిరిలో, సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జరిగిన 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. అన్ని పెద్ద శక్తుల ఎదుట ఒక డివిజన్ అధికారి ఒంటరిగా అలా నిలబడగలిగేవారా?

శ్రీనివాస్ గారి పేరు వింటే నాకూ గౌరవమే. కానీ ఆయన కథ నా వాదననే బలపరుస్తుంది. ఊరి నమ్మకమే ఆయన బలం. అంతటి మనిషి దొరికితే తప్ప నడవని ఏర్పాటును ఏర్పాటు అనలేము.

పాత బీటు:

నేను ఆంధ్ర వైపు ఒక రేంజ్‌లో బీటు అధికారిగా పనిచేసి విరమణ పొందాను. ఇప్పుడు పిల్లల దగ్గర మారతహళ్లిలో ఉంటున్నాను. మీ ఇద్దరి మాటలలోనూ నేను చూసిన అడవి కొంత కనిపించడం లేదు కనుక రాస్తున్నాను.

అడవికి సారథ్యం అంటే నా దృష్టిలో డిసెంబరు, జనవరి నెలలలో ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే దారులు, శుభ్రపడ్డాయా లేదా అన్నదే. గడ్డి ఎండకముందే ఆ దారులను గీకి, ఆకులు తొలగించి ఉంచకపోతే, ఫిబ్రవరిలో ఎవరు ఏ కుర్చీలో ఉన్నా లాభం లేదు. 2019 ఫిబ్రవరిలో బండీపురలో వేల ఎకరాలు ఎలా కాలిపోయాయో మీరందరూ వార్తలలో చూశారు. ఆ పని చేసేది అధికారీ కాదు, గ్రామసభా కాదు. పక్క ఊరి నుంచి దినకూలీ మీద వచ్చే ఫైర్ వాచర్. అతనికి ప్రతి వాగూ, ప్రతి కాలిబాటా తెలుసు. అతని కూలి నెలల తరబడి ఆగిపోయిన సందర్భాలను నేను చూశాను. కూలి అందని మనిషి మరుసటి ఏడు రాడు, అతనితోపాటు అతనికి తెలిసిన అడవీ పోతుంది.

గ్రామం చేతికి ఇవ్వడం కూడా మేము చూడనిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి, తరువాత ప్రపంచ బ్యాంకు నిధులతో సామాజిక అటవీ యాజమాన్యం అన్నారు. వేలాది సమితులు ఏర్పడ్డాయి. కొన్ని ఊళ్లలో కొండ మళ్లీ పచ్చబడడం నా కళ్లతో చూశాను. నిధులు ఆగాక వాటిలో చాలా భాగం పేరుకే మిగిలాయి. పైగా కొన్నిచోట్ల పోడు చేసుకుంటున్న పేదవాడి భూమిని సమితి పేరుతో మొక్కల కింద పెట్టించారు, ఆ గాయం ఇప్పటికీ మానలేదు. ఎర్రచందనం ఉన్న కొండలలో దొంగల ముఠా రాత్రిపూట గొడ్డళ్లతో దిగితే, వారికి ఎదురు వెళ్లమని ఏ గ్రామసభను అడగగలం? అక్కడ యూనిఫారమూ, కేసు పెట్టే అధికారమూ కావలసిందే.

తురహళ్లి పొరుగు:

మీ ముగ్గురూ ఊరు ఉన్న అడవి గురించి మాట్లాడుతున్నారు. మా ఇంటికి దగ్గరలో ఉన్న తురహళ్లి అడవి చుట్టూ ఊళ్లు ఉండేవి, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. హెబ్బాళ పాఠకురాలు గారూ, ఇక్కడ గ్రామసభ ఎవరు? సైకిలు తొక్కేవారా, పొద్దున నడిచేవారా, కుక్కలను తీసుకువచ్చేవారా, దారి పొడవునా దీపాలు కావాలనే లేఅవుట్ సంఘమా, ఇంకా అక్కడక్కడా మిగిలిన పశువుల కాపరులా?

2021లో అక్కడ ట్రీ పార్కు కడతామన్న ప్రతిపాదన శాఖ నుంచే వచ్చింది. దానికి ఎదురు తిరిగి నిలబడినవారు పౌరులు. ఆ రోజు జనానికి ఉన్న చూపు శాఖకు లేదు. అయితే మరొక సంగతీ చెప్పాలి. హెసరఘట్ట గడ్డి మైదానాన్ని ఖాళీ భూమి అనుకుని మొక్కలు నాటుదామని ముచ్చటపడే నగరవాసులూ మనలోనే ఉన్నారు. గడ్డినే నమ్ముకుని నేల మీద గూడు కట్టే పక్షికి ఆ మొక్క శత్రువు. ఆ మైదానాన్ని సంరక్షిత ప్రాంతం చేయాలన్న ప్రతిపాదన 2021లో తిరస్కరణకు గురై, 2024లో గానీ రాష్ట్ర వన్యప్రాణి మండలి ఆమోదం పొందలేదు. ఇష్టం వేరు, తెలివిడి వేరు. నగరపు అడవికి తెలిసిన అధికారి కావాలి.

బన్నేరుఘట్ట రోడ్డు గారిని ఒకటి అడుగుతాను. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతం మొదటి ముసాయిదాలో 268.96 చదరపు కిలోమీటర్లు; 2020 తుది నోటిఫికేషన్‌లో 168.84. మీరు కోరిన ఐదేళ్ల అధికారి ఆ కుర్చీలో ఉండి ఉంటే ఆ వంద చదరపు కిలోమీటర్లు మిగిలేవా? ఆ నిర్ణయం డివిజన్ కార్యాలయంలో జరగలేదు కదా.

బన్నేరుఘట్ట రోడ్డు:

తురహళ్లి పొరుగు గారి ప్రశ్న సూటిగా ఉంది. ఆ నిర్ణయం పైస్థాయిలో జరిగింది, నిజమే. కానీ పైస్థాయి నిర్ణయాలు కూడా కాగితాల మీద ఆధారపడతాయి, వాటిలో మొదటి కాగితాన్ని రాసేది డివిజన్ అధికారే. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద రోడ్డుకో గనికో అటవీ భూమి అడిగితే, ఆ స్థలం చూసి అక్కడ ఏ చెట్లున్నాయో, ఏనుగుల దారి ఉందో లేదో, ప్రత్యామ్నాయం ఉందో లేదో నివేదిక ఇవ్వవలసింది ఆయనే. ఆరు నెలల క్రితం వచ్చిన అధికారి ఆ నివేదికను కింది సిబ్బంది చెప్పిన దానిని బట్టి రాస్తారు. నాలుగేళ్లుగా ఆ నేల తొక్కిన అధికారి తాను చూసినది రాస్తారు. అలా రాసిన అభ్యంతరాన్ని పైవారు తోసిపుచ్చవచ్చు, కానీ అది ఫైలులో ఉంటుంది. రేపు కోర్టు ముందు అదే పనికి వస్తుంది. కోపం వచ్చిన మంత్రి ఆయనను మార్చలేడన్న హామీ ఉంటేనే ఆ అభ్యంతరం రాసే ధైర్యమూ ఉంటుంది. నేను కోరుతున్న ఐదేళ్లు అధికారి సుఖం కోసం కాదు.

హెబ్బాళ పాఠకురాలు గారితో నాకు పేచీ మీరు అనుకున్నంత లేదు. సామూహిక హక్కు పత్రం ఉన్నచోట గ్రామసభే నడిపించాలి, అది చట్టం. అధికారి అక్కడ సహాయకుడు మాత్రమే. కానీ నియమగిరిలో గ్రామసభలు ఒక ప్రతిపాదనకు వద్దని చెప్పాయి. అది గొప్ప విషయమే అయినా, పదేళ్లపాటు రోజూ అడవిని నడపడం వేరే పని. పాత బీటు గారు చెప్పిన ఫైర్ లైన్లు, కూలి బిల్లులు, ఎర్రచందనం కేసులు, కోర్టు వాయిదాలు అన్నీ ఆ పనిలోనివే. హక్కు పత్రాలు లేని అడవి దేశంలో ఇంకా చాలా ఉంది. అక్కడ ఒక మనిషి పేరు మీద బాధ్యత ఉండాలి, ఆ మనిషిని నిలదీసే వీలు ఉండాలి.

హెబ్బాళ పాఠకురాలు:

నిలదీసేది ఎవరు అన్నచోటే మీ వాదన ఆగిపోతున్నది. ఐదేళ్లు కదిలించలేని అధికారి సోలిగలను తరలించాలనుకుంటే, ఆ ఐదేళ్లు వారికి శిక్ష కాదా? చెడ్డ అధికారి రెండేళ్లకు వెళ్లిపోతాడన్న ఆశ ఒక్కటే చాలా ఊళ్లకు మిగిలిన ఊరట అని మీరు మరిచిపోతున్నారు.

మీరు ఐదేళ్లు అడుగుతున్నారు కనుక నేను ఒక షరతు పెడతాను. వర్కింగ్ ప్లాన్‌కు ఐదవ ఏట మధ్యంతర సమీక్ష జరగాలని నియమం ఉంది; దానిని సాధారణంగా శాఖలోని పై అధికారులే చూస్తారు. ఆ సమీక్షను డివిజన్‌లోని గ్రామసభల ముందు, నగరమైతే వార్డు సభ ముందు, కన్నడంలో చదివి వినిపించాలి. కాల్చవలసిన చోట ఎందుకు కాల్చలేదు, నాటకూడని చోట ఎందుకు నాటారు, వాచర్ల కూలి ఎందుకు ఆగింది అని వారు అడగాలి. అధిక సంఖ్యాకులు కాదన్న అధికారి ఆ డివిజన్‌లో కొనసాగకూడదు. మంత్రి చేతిలోని బదిలీని తీసి జనం చేతిలో పెట్టండి, మీ ఐదేళ్లకు నేను ఒప్పుకుంటాను.

పాత బీటు:

అమ్మా, ఆ సభలో వాచర్లకు కూడా మాట్లాడే హక్కు ఉండాలని మీ షరతులో చేర్చండి. దినకూలీ మనిషి తన రేంజర్ ఎదుట నోరు విప్పాలంటే, మరుసటి ఏడు తనకు పని ఉంటుందన్న భరోసా అధికారి కంటే ముందు అతనికి కావాలి.

బన్నేరుఘట్ట రోడ్డు:

వాచర్ల మాటకు నేను పూర్తిగా సమ్మతిస్తున్నాను. సమీక్ష జనం ముందు జరగాలన్నదానికీ సమ్మతిస్తున్నాను. సంఖ్యాబలంతో అధికారిని తొలగించే అధికారానికి మాత్రం ఒప్పుకోలేను. ఆక్రమణలను తొలగించిన అధికారి మీద ఆక్రమించినవారే ఓటు వేసే రోజు అందులో వస్తుంది. తొలగింపు సిఫార్సు సభ చేయవచ్చు, కారణాలు లిఖితపూర్వకంగా ఉండాలి, నిర్ణయం అధికారుల బదిలీలను పరిశీలించే సివిల్ సర్వీసెస్ బోర్డు తీసుకోవాలి. ఇంతకంటే ముందుకు నేను రాలేను.

హెబ్బాళ పాఠకురాలు:

ఆ బోర్డులో కూర్చునేవారూ అధికారులే. అటవీ హక్కుల చట్టం గ్రామసభను సిఫార్సు సంఘంగా కాక అధికార సంస్థగా గుర్తించింది. దానిని మళ్లీ సిఫార్సు స్థాయికి దించడానికి నేను ఒప్పుకోను. ఆక్రమణదారుల ఓటు గురించి మీ భయానికి మాత్రం జవాబు ఉంది: తన మీద ఆక్రమణ కేసు నడుస్తున్నవారు ఆ ఒక్క తీర్మానంలో పాల్గొనకూడదని నియమం రాయవచ్చు. మీకు ఇంకేమి అభ్యంతరం ఉన్నదో చెప్పండి.