క్లాసు టీవీలో ఫైర్ స్టిక్: పిల్లలు ఏది పడితే అది పెట్టకుండా ఎట్లా ఆపాలి?

కావలి_సోషల్: పాత టీవీకి ఫైర్ స్టిక్ (టీవీలో నెట్ వీడియోలు ఆడించే అమెజాన్ వాళ్ల చిన్న పరికరం) తగిలించాం. బోర్డు వైపు తిరిగితే చాలు, ఎనిమిదో తరగతి వాళ్లు యూట్యూబ్ షార్ట్స్ పెట్టేస్తున్నారు. పేరెంటల్ కంట్రోల్స్‌లో పిన్ పెట్టా. యూట్యూబ్ తెరిచాక మాత్రం లోపల అంతా బార్లానే. పైగా ఒకే వైఫైలో ఉన్న ఫోన్ నుంచి టీవీకి పంపేస్తున్నారు. దారేంటి?

పొదిలి_సైన్స్: రిమోట్ జేబులో పెట్టుకోండి సార్. వైఫై పాస్‌వర్డ్ పిల్లలకి ఎవరు చెప్పారసలు?

ఒంగోలు_బయో: పిన్ యాప్ తెరవడం వరకే. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్ (పిల్లలకి తగని వీడియోల్ని దాచేది) ఆన్ చేయాలి. మాకు అది ఆన్ చేశాక ప్రత్యుత్పత్తి పాఠం వీడియోలు మాయం! డేటింగ్ యాప్ యాడ్ మాత్రం శుభ్రంగా వచ్చింది, అదీ హెచ్‌ఎం గారు లోపలికొచ్చినప్పుడే.

నెల్లూరు_నెట్‌వర్క్: ఈ ఫీల్డ్‌లోనే ఉన్నా, వినండి. రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరు చెప్తే దాని అడ్రస్ వెతికిచ్చేది) 1.1.1.3 పెడితే పెద్దల సైట్లు బంద్. లోకల్ డీఎన్‌ఎస్‌లో యూట్యూబ్‌ని రిస్ట్రిక్ట్ డాట్ యూట్యూబ్ డాట్ కామ్‌కి మళ్లిస్తే ఆ మోడ్‌ని టీవీలో ఎవరూ తీయలేరు. చిటికెలో పని.

ఆత్మకూరు_తెలుగు: రౌటరా! మా బడిలో నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే. రోజుకి 1.5 జీబీ, మధ్యాహ్న భోజనానికే ఖాళీ.

నెల్లూరు_నెట్‌వర్క్: అయితే స్టిక్‌లోనే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 1.1.1.3 కొట్టండి.

ఆత్మకూరు_తెలుగు: కొడితే? డీఎన్‌ఎస్‌కి తెలిసేది సైటు పేరు. లోపల ఏ వీడియో ఆడుతుందో దానికేం తెలుసు? షార్ట్స్ ఆగవు.

నెల్లూరు_నెట్‌వర్క్: అందుకేగా రెండోది చెప్పింది! సగం చదివి గొడవకొస్తే ఎట్లా మేడమ్?

ఆత్మకూరు_తెలుగు: మేడమ్ కాదు, సార్‌ని. ఆ రెండోదానికి రౌటర్ కావాలి. లేదని పైనే రాశా. సగం చదివిందెవరు?

నెల్లూరు_నెట్‌వర్క్: ఊరికే చెప్తే విలువుండదు. ఇదే పనికి ప్రైవేటు స్కూళ్లు డబ్బులిస్తాయి.

ఆత్మకూరు_తెలుగు: నా రీచార్జ్ కూడా వాళ్లనే కట్టమనండి.

సింగరాయకొండ_హెచ్‌ఎం: ఇద్దరూ ఆపండయ్యా. నాడు-నేడు పథకంలో వచ్చిన డిజిటల్ ప్యానెల్ ఉన్న మాకూ సుఖం లేదు. ఒక టీచర్ సొంత జీమెయిల్‌తో లాగిన్ అయ్యారు. ఇంట్లో చూసే సీరియళ్లన్నీ క్లాసులో వరసగా వచ్చాయి, పిల్లలు ఒకటే నవ్వు. ముందు బడికి వేరే జీమెయిల్ తెరవండి.

ఒంగోలు_బయో: నేనైతే నెట్ జోలికే పోను. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో పాఠం ఇంటి దగ్గరే దించుకుంటా. సొంతంగా చేసిన వీడియోలు పెన్‌డ్రైవ్‌లో.

పొదిలి_సైన్స్: మీ ప్రత్యుత్పత్తి వీడియో నాకూ కావాలి మేడమ్. ఎంపీ4లో పంపండి, మా టీవీ ఇంకేదీ తీసుకోదు.