రాత్రిపూట సెన్సార్ చూపే తక్కువ షుగర్‌ను ఎంతవరకు నమ్మాలి?

మేము హనుమకొండలో ఉంటాము. మా తొమ్మిదేళ్ల అమ్మాయికి నిరుడు టైప్ 1 మధుమేహమని తేలింది. వేళ్లు గుచ్చే బాధ తగ్గుతుందని రెండు నెలల క్రితం ఎడమ చేతి పైభాగాన గ్లూకోజ్ సెన్సార్ పెట్టించాము.

పాప ఎడమవైపుకు ఒత్తిగిలి పడుకున్న రాత్రుల్లో రెండు గంటల ప్రాంతంలో అలారం మోగి 54 అని చూపిస్తుంది. లేపి గ్లూకోమీటరుతో చూస్తే 102 ఉంటుంది. సెన్సార్ రక్తంలోని చక్కెరను కాక చర్మం కింది ద్రవంలోని చక్కెరను కొలుస్తుందని, అందువల్ల కొన్ని నిమిషాలు వెనుకబడుతుందని, దానిపై బరువు పడితే తప్పుగా తక్కువ చూపవచ్చని చదివాను. అయితే మొన్న మీటరులో కూడా 61 వచ్చింది. పాప మెడ కింద దిండు చెమటతో తడిసిపోయింది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించి 88 చూసేదాకా మా ఇద్దరి ప్రాణాలు కుదుటపడలేదు.

ఉత్త అలారాలకు అలవాటుపడి అసలుదాన్ని ఎక్కడ వదిలేస్తామోనని నా భయం. పిల్లలకు సెన్సార్ వాడుతున్న తల్లిదండ్రులు రాత్రి ప్రతి అలారానికీ వేలు గుచ్చి చూస్తున్నారా? చేయి మారిస్తే, లేదా అతికించే చోటు కొంచెం వెనక్కి జరిపితే ఏమైనా తేడా కనిపించిందా? ఇన్సులిన్ మోతాదు సంగతి మా డాక్టరు గారితోనే మాట్లాడుకుంటాము, దాని గురించి అడగడం లేదు.

ఇంకొకటి, మక్క గటక (మొక్కజొన్న రవ్వతో వండేది) తిన్న పూట పిండిపదార్థాన్ని మీరు ఎలా లెక్కగడుతున్నారు? మాకిచ్చిన ఆహార పట్టికలో ఇడ్లీ, చపాతీ ఉన్నాయి గానీ గటక లేదు.