మైపాడు నీళ్లా, ప్యాకెట్ ఉప్పా? నెల్లూరులో రీఫ్ ట్యాంక్ పెట్టేవాళ్లు చెప్పండి

మూలాపేట రీఫ్
అన్నలకు నమస్కారం. మంచినీళ్ల ట్యాంకులు ఏళ్ల నుంచి పెడుతున్నా, ఉప్పునీళ్లకు ఇదే మొదలు. నాలుగడుగుల ట్యాంక్, కింద సంప్, రెండూ కలిపి 300 లీటర్లు పడతాయి. స్కిమ్మర్ (మురికిని నురగగా లాగేసేది), వేవ్ మేకర్, లైట్ అన్నీ వచ్చేశాయి. నీళ్ల దగ్గరే ఆగిపోయాను. లైట్ అమ్మిన షాపాయన రీఫ్ సాల్ట్ ప్యాకెట్ తప్ప ఇంకేదీ తాకొద్దని ఖరాఖండిగా చెప్పాడు. మా బావేమో "మైపాడు పాతిక కిలోమీటర్లు. సముద్రం పక్కన ఉండి ఉప్పు కొనేవాణ్ణి నిన్నే చూస్తున్నా" అంటున్నాడు. ఆయనకు ట్రాలీ ఆటో ఉంది, డ్రమ్ములు కూడా సిద్ధం. నేను పెట్టాలనుకునేది ఒక జత క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని మెత్తటి పగడాలు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

అలల పక్కన
బావ మాట విను. మాది అల్లూరు వైపు. నా ట్యాంక్ మొదటి నుంచీ సముద్రపు నీళ్లతోనే నడుస్తోంది. కాల్షియం, మెగ్నీషియం, స్ట్రాన్షియం, అయోడిన్ ఏది ఏ పాళ్లలో ఉండాలో అలాగే ఉంటాయి అందులో. ప్యాకెట్ కంపెనీలు కాపీ కొట్టేది కూడా ఆ పాళ్లనే కదా.

ఒక్క మాట. ఒడ్డున బకెట్‌తో తోడుకొచ్చి పోసేయడం కాదు. నేను వేటకు వెళ్లే బోటాయనకు మూత ఉన్న క్యాన్లు ఇచ్చి పంపుతాను. లోపల వల వేసే చోట, ఇంజన్ ఆపాక, డీజిల్ తెట్టు లేని వైపు ముంచి తెస్తాడు. ఇంటికొచ్చాక డ్రమ్ములో పోసి, నల్ల టార్పాలిన్ కప్పి, గాలి రాయి వేసి వారాల తరబడి వదిలేస్తాను. వెలుతురు లేక ప్లాంక్టన్ చచ్చి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు 5 మైక్రాన్ కాట్రిడ్జ్‌లో పట్టి, అమ్మోనియా సున్నా వచ్చాకే వాడతాను.

ఉప్పుబస్తా
అంతా బాగుందన్నా, ఆ బోటాయన ఏ నెలలో ముంచాడు? అది చెప్పలేదు.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు, 34, 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు అన్ని పాళ్లు) ఉంటుంది. రీఫ్‌కు కావలసింది అదే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా లెక్క వేరు. పెన్నా వరద ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అది చాలదన్నట్టు ఈ కాలంలో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్లి, గోదావరి, కృష్ణల నీళ్లను కూడా మన వైపే తోస్తుంది. 30 లోపు పడిపోవడం మామూలే. ఎండాకాలం నీళ్లకు అలవాటుపడ్డ పగడానికి కార్తీకంలో 28 నీళ్లు పోస్తే ముడుచుకోదా?

ఖర్చు గురించి భయపెడుతున్నారు గానీ లెక్క వేసి చూడండి. లీటరుకు 38 గ్రాముల చొప్పున 300 లీటర్లు నింపడానికి పదకొండున్నర కిలోల లోపు. ఆ తర్వాత వారానికి పది శాతం మారిస్తే 30 లీటర్లు, అంటే కిలోకు కాస్త పైన. మైపాడు పోయి వచ్చే డీజిల్, బోటాయన టీ ఖర్చు, డ్రమ్ములు మోసినందుకు నడుం నొప్పి కూడా కలపండి మరి.

అలల పక్కన
నేనెప్పుడూ వానల్లో నీళ్లు తెప్పించను. మే నెలలోనే ఆరు నెలలకు సరిపడా నిల్వ చేసుకుంటాను.

ఉప్పుబస్తా
వారానికి 30 లీటర్లంటే ఆరు నెలలకు దాదాపు 800 లీటర్లు. మీకు పెరడుంది. మూలాపేటలో అద్దె పోర్షన్ వాళ్లకు?

కొఠారు
నాదొక సందేహం, నవ్వకండి. సముద్రపు నీళ్లు వద్దు, వేల రూపాయల ప్యాకెట్ వద్దు. మన ఇస్కపల్లి మడుల్లో పండిన ఉప్పే ఆర్వో నీళ్లలో కలిపితే? అదీ సముద్రం నుంచి వచ్చిందే. అయోడైజ్డ్ కూడా కాదు.

కెమిస్ట్రీ మాష్టారు
నవ్వాల్సిన ప్రశ్నేం కాదు, చాలామంది చేసి చూస్తారు. పనికిరాదు. ఎందుకంటే నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి మారుతూ చిక్కబడేటప్పుడు అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. మొదట కాల్షియం కార్బొనేట్, తర్వాత జిప్సం అడుగుకు దిగుతాయి. ఉప్పు తేలే మడికి వచ్చేసరికి కాల్షియం చాలావరకు వెనకే ఉండిపోతుంది. ఉప్పు గుంజాక మిగిలే చేదునీళ్లు పారబోస్తారు చూడండి, మెగ్నీషియం దాంట్లో పోతుంది. బస్తాలోకి వచ్చేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. పచ్చడికి భేషైన ఉప్పు. పగడం అస్థిపంజరం కట్టుకోవడానికి కావలసినవి అందులో లేవు. సెలినిటీ మీటర్ మాత్రం 35 చూపించి మిమ్మల్ని నమ్మిస్తుంది.

హ్యాచరీ టెక్నీషియన్
ఉద్యోగ జీవితమంతా సముద్రపు నీళ్లు శుద్ధి చేస్తూనే గడిపాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. అబ్బయ్యా, నువ్వు అడగాల్సింది సముద్రమా ప్యాకెట్టా అని కాదు. ఈ వారం పోసిన నీళ్లూ వచ్చే నెల పోసే నీళ్లూ ఒకటేనా అని. పగడానికి 33 అయినా ఫర్వాలేదు, 35 అయినా ఫర్వాలేదు. అటూ ఇటూ ఊగితేనే తట్టుకోలేదు.

సముద్రపు నీళ్లే వాడతానంటే హ్యాచరీ పద్ధతిలో చెయ్. మేం బ్లీచింగ్ కొట్టి, రాత్రంతా బ్లోవర్ వేసి వదిలేస్తాం. పొద్దున ఒక గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలు వేస్తే లేత పసుపు వచ్చిందంటే క్లోరిన్ ఇంకా ఉన్నట్టు. అప్పుడు థయోసల్ఫేట్ కొద్దికొద్దిగా వేసి, మళ్లీ చుక్కలు వేసి చూస్తాం. రంగు పూర్తిగా పోయేదాకా ఆ నీళ్లు లోపలికి వదలం. ఇంట్లో కూడా ఇంతే. అంచనా మీద థయోసల్ఫేట్ గుమ్మరించొద్దు, చుక్కలు వేసి చూసుకుంటూ వెయ్యి.

కొందరు "తెలిసిన హ్యాచరీ ఉంది, రెడీమేడ్ నీళ్లు తెచ్చుకుంటాం" అంటారు. తెచ్చుకోండి, కానీ ఏ ట్యాంక్‌లోవో అడిగి తెచ్చుకోండి. ఈడీటీఏ (లోహాలను పట్టేసే రసాయనం), మందులు పడ్డాక ఉండే నీళ్లు రొయ్య పిల్లల కోసం తయారైనవి. మీకు కావలసింది క్లోరిన్ తీసేసిన రిజర్వాయర్ నీళ్లు మాత్రమే. ఇంకో సంగతి, ఎవరూ చూడనిది. పైపు లైన్లో ఇత్తడి వాల్వ్ కానీ, రాగి తగిలే మోటార్ కానీ ఉందేమో చూడండి. చేపను ఏమీ చేయనంత రాగి కూడా క్లీనర్ రొయ్యనూ పగడాన్నీ చంపేస్తుంది.

నెల్లూరులో మనకున్న ఒక అదృష్టం ఆక్వా ల్యాబులు. హైదరాబాద్ వాళ్లు టెస్ట్ కిట్ కోసం కొరియర్‌కు ఎదురుచూస్తుంటే, మనం సీసాడు నీళ్లు పట్టుకెళ్లి చెరువు శాంపిల్ పక్కనే పెట్టి రావచ్చు. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం రావాలి. ఆల్కలినిటీ (క్షారత) కూడా వాళ్లు పీపీఎంలోనే ఇస్తారు, 17.9తో భాగిస్తే రీఫ్ వాళ్లు చెప్పుకునే డీకేహెచ్ అవుతుంది. 140 వస్తే దాదాపు 8, బ్రహ్మాండం. సెలినిటీ 28 ఉన్న నీళ్లలో కాల్షియం 330 దగ్గరే తేలుతుంది. అప్పుడు లీటరుకు ఏడెనిమిది గ్రాముల రీఫ్ సాల్ట్ కలిపి 35కు తెచ్చుకోవచ్చు.

ఉప్పుబస్తా
సార్, మీరు నా మాటే చెప్పారు. బ్లీచింగ్ కొట్టి, చుక్కలు వేసి, ల్యాబ్‌కు పోయి, చివరికి ప్యాకెట్ ఉప్పు కూడా కలపాలంటే మొదటే ప్యాకెట్ కొనొచ్చు కదా?

హ్యాచరీ టెక్నీషియన్
300 లీటర్లకైతే నిజమే. వెయ్యి లీటర్ల ట్యాంక్ ఉన్నవాడు, లేదా రెండు మూడు ట్యాంకులు నడిపేవాడు ఇంత కష్టపడొచ్చు. నీది ఏ లెక్కనో చూసుకో.

చెరువు గట్టు
అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. క్లీనర్ రొయ్య పెడతానన్నాడు. మన తీరం పొడుగునా రొయ్యల చెరువులే, వాటి నీళ్లన్నీ కాలువల్లో పడి సముద్రంలోకే పోతాయి. 1994, 95లలో వైట్ స్పాట్ వైరస్ వచ్చి టైగర్ రొయ్య చెరువులకు చెరువులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో నెల్లూరోళ్లకు నేను చెప్పాలా? పచ్చి నీళ్లు తెచ్చి పోస్తే ఆ క్లీనర్ రొయ్య గతేమిటి?

కెమిస్ట్రీ మాష్టారు
భయం సరైనదే, కానీ కొంచెం సర్దుకోవాలి. ఆ వైరస్ రొయ్య, పీత జాతులకే. చేపకూ పగడానికీ రాదు. పట్టుకోవడానికి ప్రాణి దొరక్కపోతే వట్టి నీళ్లలో ఎక్కువ కాలం నిలవదు, క్లోరిన్‌కు అసలే నిలవదు. చీకటి డ్రమ్ములో వారాలు ఉంచిన నీళ్లతో ప్రమాదం తక్కువే. పొరపాటున వాటితో వచ్చే చిన్న పీతలు, రొయ్య పిల్లలే అసలు మోసుకొచ్చేవి, అందుకే వడకట్టాలి. రేపు క్లౌన్ చేప ఒంటి మీద తెల్లచుక్కలు కనిపిస్తే మాత్రం ఈ వైరస్ అనుకుని హడలిపోకండి. చేపకు వచ్చే తెల్లచుక్కల జబ్బు వేరు, దాన్ని తెచ్చేది ఒక పరాన్నజీవి. కొత్త చేపను వేరే ట్యాంక్‌లో కొన్ని వారాలు ఉంచితే దాన్ని ముందే పట్టుకోవచ్చు.

కొఠారు
రాయి సంగతి కూడా చెప్పండి. రామేశ్వరం వైపు నుంచి లైవ్ రాక్ (బ్యాక్టీరియా పట్టిన సముద్రపు రాయి) తెప్పించే మనిషి ఒకాయన తెలుసు. దాంతో సైకిల్, అంటే ట్యాంక్‌లో మంచి బ్యాక్టీరియా స్థిరపడటం, తొందరగా అయిపోతుందట.

హ్యాచరీ టెక్నీషియన్
ఆ మనిషి నంబర్ ఫోన్లోంచి తీసెయ్. మన్నార్ గల్ఫ్ దీవులు మెరైన్ నేషనల్ పార్క్. గట్టి పగడాల జాతులన్నీ 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులితో సమానం. ఇప్పటి చట్టం ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. రాయిగా అమ్మేది కూడా చచ్చిన పగడమే.

కాబట్టి డ్రై రాక్ తెచ్చుకో, బ్యాక్టీరియా సీసా వెయ్యి, కాస్త అమ్మోనియా చూపించు. అమ్మోనియా నైట్రైట్‌గా, అది నైట్రేట్‌గా మారి, మొదటి రెండూ సున్నాకు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ టైములో గమ్మునుండు, అంతే. క్లౌన్ చేపలు కూడా హ్యాచరీలో పుట్టినవే అడిగి కొను. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు వీటి పిల్లలు తీసే పద్ధతులు మన దేశంలోనే తయారుచేశారు.

ఒంగోలు ఉక్కపోత
ఇన్ని పోస్టులు చదివాను, ఎండ మాటే లేదు. నీళ్ల గొడవతో ట్యాంక్ పోగొట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. మే నెలలో పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ఒంగోల్లో కొల్లలు. హాల్లో 36 ఉంటే ట్యాంక్‌లో నీళ్లు 31, 32కు పోతాయి. పగడానికి 25, 26 హాయి. 30 దాటి రోజుల తరబడి ఉంటే రంగు పోయి తెల్లబడుతుంది.

నీటి మీదికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ అది నీళ్లను ఆవిరి చేసే తగ్గిస్తుంది, మన తీరంలో సాయంత్రం ఉక్కపోతకు ఆ తగ్గుదల కూడా సరిగా రాదు. ఆవిరైన నీళ్ల బదులు ఆర్వో నీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కదా. సముద్రపు నీళ్లు ఇంట్లో ఉన్నాయి కదాని అవే పోస్తే నెల తిరిగేసరికి సెలినిటీ 40కి ఎక్కి కూర్చుంటుంది. డ్రమ్ములు పెట్టుకునేవాళ్లు ఎక్కువమంది జారేది ఇక్కడే.

చిల్లర్ కొంటే అది వదిలే వేడి గాలి హాల్లో కాకుండా బయటికి పోయేలా పెట్టుకోవాలి. లేకపోతే గదిని వేడెక్కించి, ఆ గదిలోని ట్యాంక్‌ను చల్లబరుస్తూ కరెంటు బిల్లు తింటుంది. మధ్యాహ్నం కరెంటు పోతే టెన్షన్ పడకుండా ఉండాలంటే ఇన్వర్టర్ మీద ముందు వేవ్ మేకర్ పెట్టు. లైటూ స్కిమ్మరూ గంటసేపు ఆగినా ఏం కాదు. వేడి ఉప్పునీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ, కదలిక ఆగితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

అలల పక్కన
ఆవిరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ మొదటి ఏడాది వేసేవి జోవాంథిడ్, మష్రూమ్, లెదర్ లాంటి మెత్తటి రకాలే కదా. వాటికి మీరంతా చెప్పే కాల్షియం లెక్కలు అంత గట్టిగా పట్టవు. మే నెల నీళ్లు శుభ్రంగా తెచ్చుకుంటే చాలు. నా మాట మీద నేను ఉన్నాను.

మూలాపేట రీఫ్
అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు కార్తీకం, పౌర్ణమికి మైపాడులో జనం స్నానాలకు దిగే రోజులు. పైగా పెన్నా నిండుగా పారుతోంది. ఇప్పుడు నీళ్లు తేవడం కుదరదని బావకు చెప్పేశాను, మొహం మాడ్చుకున్నాడు. ట్యాంక్ ప్యాకెట్ ఉప్పుతోనే నింపుతున్నా. మే నెలలో ఆయన డ్రమ్ములతో ఒకసారి నీళ్లు తెప్పించి, ల్యాబ్ రిపోర్ట్ ఇక్కడ పెడతాను, అప్పుడు అలల పక్కన అన్నా, ఉప్పుబస్తా అన్నా మళ్లీ కొట్టుకోవచ్చు. చివరగా ఒక్కటి. ఉప్పు కలపడానికి 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్లు తెచ్చుకుంటే సరిపోతుందా?

ఉప్పుబస్తా
టీడీఎస్ మీటర్ ముంచి చూడు తమ్ముడూ. కొన్ని ప్లాంట్ల వాళ్లు రుచి కోసం ఖనిజాలు కలుపుతారు, బోరు నీళ్లే కాస్త కలిపి పంపేవాళ్లూ ఉన్నారు. 50, 60 చూపిస్తే అందులో ఫాస్ఫేట్, సిలికేట్ ఎంతున్నాయో మీటర్ చెప్పదు. తర్వాత గాజు మీద గోధుమరంగు పాకుడు పడితే అప్పుడు తెలుస్తుంది. ఇంట్లో ఆర్వో ఉంటే దాని వెనక మిగిలిన ఖనిజాలను పట్టేసే ఒక డీఐ రెసిన్ గొట్టం బిగించు, మీటర్ సున్నా చూపించాలి. రెసిన్ రంగు మారితే మార్చెయ్. ఉప్పు మాత్రం ట్యాంక్‌లో కలపొద్దు, వేరే డ్రమ్ములో పంపు పెట్టి ఒక రాత్రి తిప్పి, 35 చూసుకుని అప్పుడు పొయ్యి. మీ బావ డ్రమ్ములు ఆ పనికి అడుగు, అలక తీరుతుంది.