"ఎటిపియా లేదు" అని రాశారు, అయినా రిస్క్ రెండింతలా?

ప్రశ్న: మా అక్కకి 43 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ తగిలితే బయాప్సీ చేశారు. రిపోర్టులో "యూజువల్ డక్టల్ హైపర్‌ప్లేసియా, ఎటిపియా లేదు" అని ఉంది. క్యాన్సర్ కాదని డాక్టరు గారు చెప్పారు గానీ, నెట్‌లో రిస్క్ రెండింతలు అని చదివినప్పటి నుంచి అక్కకి నిద్ర లేదు. గడ్డ తీయించేస్తే ఆ రిస్క్ పోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు: ముందు అక్కయ్యకి ఆ "ఎటిపియా లేదు" అన్న మాట చూపించండి, రిపోర్టు మొత్తంలో అసలు సంగతి అదే. హైపర్‌ప్లేసియా అంటే పాల నాళాల లోపల కణాలు ఎక్కువగా పెరిగాయని, ఎటిపియా అంటే వాటి రూపం, అమరిక కూడా తేడాగా ఉన్నాయని.

అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 1967-1991 మధ్య బయాప్సీలో క్యాన్సర్ లేదని తేలిన 9,087 మందిని ఏళ్ల తరబడి గమనించి 2005లో ఫలితాలు చెప్పారు. క్యాన్సర్ వచ్చింది 707 మందికి, అంటే నూటికి 8 మంది లోపే. మామూలు స్త్రీలతో పోలిస్తే ఎటిపియా ఉన్నవాళ్లకి రిస్క్ 4.24 రెట్లు, కణాలు పెరిగినా ఎటిపియా లేనివాళ్లకి 1.88 రెట్లు. మీరు చదివిన "రెండింతలు" ఇదే. కానీ దేనికి రెండింతలో కూడా చూడాలి కదా, పదేళ్లలో నూటికి ఇద్దరికి వచ్చేదనుకుంటే (లెక్క కోసమే అంటున్నా) నలుగురికి వస్తుంది, 96 మందికి రాదు.

ఇక తీయించడం. ఆ గడ్డే ముదిరి క్యాన్సర్ అవుతుందని కాదండీ, రిస్క్ రెండు రొమ్ములకీ ఉంటుంది, కాబట్టి గడ్డ తీసినంత మాత్రాన అది పోదు. స్కానింగ్‌లో కనబడినదానికీ బయాప్సీకీ పొంతన లేకపోతే మాత్రం డాక్టరే తీయాలంటారు.

ఇంకొకరు: నాది ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా. ఆపరేషన్ అయింది, క్యాన్సర్ లేదన్నారు, మళ్లీ టామాక్సిఫెన్ వాడమంటున్నారు. జబ్బే లేనప్పుడు మాత్ర ఎందుకు?

జవాబు: అది రాకుండా ఆపడానికి అమ్మా. 1998లో ఫలితాలు వచ్చిన పెద్ద ట్రయల్‌లో, 13,388 మంది మీద చేశారు, ఈ మాత్ర వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్లు దాదాపు సగం తగ్గాయి, మీలాగా ఎటిపియా ఉన్నవాళ్లలో అయితే 86 శాతం. అలాగని తేలిక మాత్ర కాదు. రక్తం గడ్డకట్టడం, 50 దాటినవాళ్లకి గర్భసంచి క్యాన్సర్ లాంటి ప్రమాదాలున్నాయి. మీ వయసు, పాత జబ్బులు అన్నీ చెప్పి, నాకు లాభమెంత, నష్టమెంత అని సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి.

ప్రశ్న వేసినావిడ: చాలా థ్యాంక్స్ అండీ. మా మేనత్తకి 45 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాన్న వైపు కదా అని డాక్టరుకి చెప్పలేదు.

జవాబు: తప్పకుండా చెప్పండి! నాన్న వైపు నుంచి కూడా వస్తుంది, చాలామంది అమ్మ వైపే లెక్కపెడతారు. మామోగ్రామ్ ఎన్నాళ్లకోసారి తీయించాలో, జన్యు పరీక్ష అవసరమో కాదో దాన్నిబట్టే చెబుతారు. ఈసారి వెళ్లేటప్పుడు అత్తకి ఎన్నేళ్లకి వచ్చిందో, ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్ ఉందో కాగితం మీద రాసుకుని వెళ్లండి.