సౌధంబు దాపున? సౌధంబు దాపల?

సాలిగ్రామం ఎడిట్ రూము:
రెండు రోజులుగా పోతన గజేంద్రమోక్షంలోని ఒక పద్యం గొంతులో ముల్లులా ఉంది. "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపున మందార..." ఇక్కడిదాకా వస్తుంది, ఆ తర్వాత నడక కుదరదు. నెట్‌లో వెతికితే 2020 సంక్రాంతి సినిమా పాటలే పైకొస్తున్నాయి.

సంగతేమిటంటే, మా డైరెక్టర్ తమిళాయన. సినిమా మొదటి సీన్‌ని ఎన్ని షాట్లుగా విడగొట్టాలా అని వడపళని ఆఫీసులో మూడు రోజులుగా తన్నుకుంటున్నాం. ఒక ఊరు, ఊళ్ళో ఒక ఇల్లు, ఇంట్లో ఒక గది, ఆ గదిలో ఏమీ తెలియకుండా పేకాడుకుంటున్న అన్న. అవతల తమ్ముడి ప్రాణం పోయేలా ఉంటుంది. నేను నోరు ఊరుకోక, "ఇది మా పోతన ఎప్పుడో తీసేశాడు సార్" అన్నాను. "ఎన్ని షాట్లు?" అని అడిగాడు. పద్యమే పూర్తిగా రానివాణ్ణి, షాట్లేం చెబుతాను? ఎక్కడ కట్, ఎక్కడ కాదు, మీరే చెప్పాలి.

ప్రాసభంగం:
నడక కుదరకపోవడానికి కారణం ఆ "దాపున". ప్రాసాక్షరం, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, ల. దాపున అన్నారంటే రెండో పాదం "పున మందార" అని మొదలవుతుంది, ప్రాస గంగలో కలుస్తుంది. ఇదుగో:

అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా
పల మందారవనాంతరామృతసరఃప్రాంతేందుకాంతోపలో
త్పలపర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వల నాగేంద్రము పాహిపాహి యనఁ గుయ్యాలించి సంరంభియై

దాపల. ఎడమపక్క అని అర్థం. శబ్దరత్నాకరం నిఘంటువు తిప్పి చూసుకోవచ్చు.

మైలాపూరు పెద్దమ్మ:
నాయనా, మాకు బళ్ళో "దాపల అంటే దగ్గర" అనే చెప్పారు. ఆ మేడకు దగ్గరగా మందారవనం. చాలా టీకల్లో అలాగే ఉంటుంది. స్వామి ఎక్కడున్నాడో చెబుతుంటే మధ్యలో ఎడమ, కుడి ఎందుకు? పోస్టుమాన్‌కి దారి చెబుతున్నాడా పోతన?

ప్రాసభంగం:
దారే చెబుతున్నాడు పెద్దమ్మా! పద్యమంతా దారే. పురం, అందులో నగరి, అందులో సౌధం, దానికి ఎడమగా వనం, వనం మధ్యలో అమృత సరస్సు, దాని ఒడ్డున చంద్రకాంత శిల, దాని మీద కలువల పాన్పు. దగ్గర అనాలంటే దాపు అనే మాట ఉండనే ఉంది. దాపల వేరు.

అంబత్తూరు రైతుబిడ్డ:
నిఘంటువు దాకా ఎందుకండీ. మాది చిత్తూరు వైపు. మా తాత అరక కట్టేటప్పుడు ఎడమ ఎద్దు దాపటిది, కుడి ఎద్దు వలపటిది. దాపటెద్దుకి ఒక కొమ్ము వంకర. చాలు తిరిగే చోట తాత దాని నడుం మీద అరచెయ్యి ఆనించి నాలుకతో "ట్ట ట్ట" అనేవాడు, కర్ర ఎత్తేవాడు కాదు. పోతన హాలికుడే అంటారుగా. నాగలి పట్టినవాడు దాపల అంటే దగ్గర అనుకుని రాస్తాడా?

నాదొక ఊహ కూడా ఉంది. మనిషికి దాపుగా నడిచే ఎద్దు కాబట్టే దాపటెద్దు అయిందేమో. ఇంగ్లీషులో గుర్రం ఎడమపక్కని నియర్ సైడ్ అంటారు కదా, అలా. అప్పుడు పెద్దమ్మగారి మాట, ప్రాసభంగంగారి మాట రెండూ నిలబడతాయి.

ప్రాసభంగం:
ఊహ బాగుంది. ఊహగానే ఉండనివ్వండి. వలపలకి తమిళంలో వలదు అని చుట్టం ఎదురుగా కనిపిస్తోంది, చెన్నైలో ఆటో ఎక్కినవాళ్ళందరికీ తెలుసు. దాపలకి అలాంటి చుట్టాన్ని చూపించండి, ఒప్పుకుంటాను.

ట్రాలీ మనిషి:
అయ్యా, నేను ముప్పై ఏళ్ళు కోడంబాక్కంలో ఫోకస్ లాగినవాణ్ణి. పద్యాలు అంతంత మాత్రం. కానీ ఎవరిని అడిగినా "పోతన జూమ్ చేశాడు, జూమ్ చేశాడు" అంటారు. అది తప్పు. జూమ్‌లో కెమెరా కదలదు, లెన్స్ మారుతుంది, అంతే. ఉన్నచోటు నుంచే దూరంగా ఉన్నది పెద్దదై కనిపిస్తుంది. మేడ ముందు నిలబడి ఎంత జూమ్ చేసినా మేడే పెద్దదవుతుంది, దాని పక్కన వనం మధ్యలో ఉన్న కొలను కనపడదు. అక్కడికి పోవాలంటే పట్టాలు పరిచి ట్రాలీ తోయాల్సిందే. కెమెరా కదిలితేనే దగ్గరి స్తంభం వేగంగా, వెనక చెట్టు మెల్లగా జరుగుతాయి, చూసేవాడికి తానే లోపలికి పోతున్నట్టుంటుంది. ఎడమ అన్న మాట ఉందంటే ఇది ట్రాలీ షాట్. దగ్గర అంటే అది జూమ్ కావచ్చు, కెమెరాని ఉన్నచోటే పక్కకి తిప్పే పాన్ కావచ్చు, ఏదైనా కావచ్చు. నా ఓటు ఎడమకే.

ఇంకో మాట. 1960లో వచ్చిన హిచ్‌కాక్ సినిమా సైకోలో మొదటి సీనుదీ ఇదే పద్ధతి. ఫీనిక్స్ ఊరు పైనుంచి కనిపిస్తుంది. శుక్రవారం, డిసెంబరు 11, మధ్యాహ్నం 2.43 అని తెర మీద పడుతుంది. భవనాలు దాటుకుంటూ వచ్చి, సగం దించిన కిటికీ తెర కిందనుంచి కెమెరా గదిలోకి దూరుతుంది. హెలికాప్టర్ మీద ఒకే షాట్‌గా తీద్దామనుకుని, కుదరక ముక్కలు అతికారు.

పాత మదరాసు:
ట్రాలీ మనిషిగారూ, నమస్కారం. ఎడమ అంటున్నారు సరే, ఎవరి ఎడమ? సౌధానికి ఎడమా? ఎదురుగా నిలబడి చూసేవాడికి ఎడమా?

ట్రాలీ మనిషి:
అడగాల్సిన ప్రశ్న అడిగారు. సెట్‌లో రోజూ జరిగే గొడవే ఇది. "ఎడమకి జరగండి" అంటే ఆర్టిస్టు తన ఎడమకి జరుగుతాడు, ఫ్రేములోంచి బయటికి పోతాడు. అందుకే "కెమెరా లెఫ్ట్" అంటాం.

ప్రాసభంగం:
సౌధానికి ఎడమే. దేవుడి కోట, దేవుడి దిక్కులు. పైగా వామభాగం లక్ష్మిది. అక్కడున్నది రమావినోది.

మైలాపూరు పెద్దమ్మ:
మరి ఆ "మూల" సంగతి తేల్చారా ముందు? ఆ మూలనున్న సౌధమా, మూల సౌధం అంటే ప్రధాన సౌధమా? మూలనున్న మేడకి ఎడమపక్క అంటే కోటగోడ బయటికి పోతారు, జాగ్రత్త.

పాత మదరాసు:
పెద్దమ్మ కొట్టింది సిక్సర్.

ప్రాసభంగం:
ప్రధాన సౌధమే. మూలవిరాట్టు అనట్లేదూ? దాంతోపాటు నగరి అంటే కూడా ఊరు కాదు. నగరు అంటే రాజగృహం, దాని మీద లో చేరితే నగరిలో. పురంబులో, నగరిలో రెండూ ఊరే అయితే పోతన ఒక షాట్‌ని రెండుసార్లు తీసినట్టు. ముందు పట్టణం, తర్వాత రాజుగారి కోట, ఆ కోటలో మూల సౌధం. ప్రతి అడుగూ ఒక గుమ్మం దాటుతుంది.

తిక్కన పక్షం:
పోతన అభిమానులు అలిగినా సరే, టెన్షన్ ఎలా కట్టాలో చూడాలంటే తిక్కన దగ్గరికి రండి. విరాటపర్వంలో "సింగం బాకటితో గుహాంతరమునం..." అని ద్రోణుడు మొదలుపెడతాడు. ఆకలితో గుహలో ఉన్న సింహం, ఏనుగుల గుంపు కనపడగానే లేచిన కోపం, అడవిలో పడ్డ కష్టం, అన్నీ వస్తాయి. వచ్చేది ఎవడో చెప్పడు. నాలుగో పాదంలో "కుంతీసుతమధ్యముండు". ముఖం చూపించకుండా నడక, నీడ, దుమ్ము చూపించి, చివరకి ముఖం మీద ఆపడం. హీరో ఎంట్రీలన్నీ ఇక్కడివే.

ప్రాసభంగం:
పోతన మాత్రం కర్తని ఎప్పుడు తెచ్చాడు? మూడో పాదం సగం దాటాక, ఆపన్నప్రసన్నుండు. అప్పటిదాకా ఇల్లే కానీ ఇంటాయన లేడు.

తిక్కన పక్షం:
అవునండీ, కానీ వైకుంఠం అన్నప్పుడే ఇంటాయన ఎవరో తెలిసిపోయింది. అక్కడ సస్పెన్స్ ఏముంది?

సాలిగ్రామం ఎడిట్ రూము:
ఒక్క నిమిషం. సస్పెన్స్ అన్నారు కాబట్టి నాకు తెలిసిన విషయంలో నోరు చేసుకుంటాను. తెలియకపోవడం సస్పెన్స్ కాదండీ. హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి డైరెక్టర్ ట్రూఫోతో మాట్లాడుతూ చెప్పిన బల్ల కింద బాంబు లెక్క ఉందిగా. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటున్నారు, ఉన్నట్టుండి బాంబు పేలింది, అది పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని మనకి ముందే చూపించి, వాళ్ళని అలాగే కబుర్లు చెప్పుకోనిస్తే, ఆ పిచ్చి కబుర్లే మన ప్రాణం తీస్తాయి. 1958 సినిమా టచ్ ఆఫ్ ఈవిల్‌లో మొదటి సీను చూడండి. కారు డిక్కీలో టైమర్ పెట్టిన బాంబు పడుతుంది, కెమెరా క్రేన్ ఎక్కి మేడల మీదుగా పోయి, మూడు నిమిషాల పైన కట్ లేకుండా ఆ కారు చుట్టూ తిరుగుతుంది. రోడ్డుకి మేకలు అడ్డం వస్తాయి, పోలీసు ఆపుతాడు, జనం నవ్వుకుంటూ నడుస్తుంటారు.

మీరు పద్యం పూర్తిగా పెట్టాక నాకు తట్టింది. ఏనుగు కాలు మొసలి నోట్లో ఉందని మనకి తెలుసు, "లావొక్కింతయు లేదు" అని వినేశాం కూడా. ఇప్పుడీయన మందారాలు, కొలను, చంద్రకాంత శిల, పాన్పు అంటూ తీరిగ్గా తిప్పుతున్నాడు! సమాసం ఎంత పొడుగైతే ఏనుగుకి అంత ఆలస్యం. అందం చూపిస్తున్నాడని బళ్ళో చెప్పారు. నాకైతే టైమర్ వినిపిస్తోంది. నాలుగో పాదంలో పాహి పాహి ఇంకా ఆగలేదు, అంటే ముందు సీన్ సౌండ్ ఈ సీన్ మీదకి పారుతోంది. మేం ఎల్ కట్ అంటాం.

మైలాపూరు పెద్దమ్మ:
బాబూ, ఈ ముక్క కోసం నిన్ను క్షమించేశాను. దాపున అన్నందుకు.

ప్రాసభంగం:
దీనికి నా వంతు చేర్పు. పాదాల చివర్లు చూడండి. దా|పల, ఉపలో|త్పల, వి|హ్వల. మూడు చోట్లా మాట మధ్యలో పాదం విరిగింది. ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకోనివ్వడు. చివరికి వచ్చినా "సంరంభియై" అని అసమాపకం, క్రియ పూర్తి కాదు. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: ఒకే షాట్. కట్ లేదు.

పాత మదరాసు:
అయితే కట్లు తర్వాతి పద్యంలో పడ్డాయి. "సిరికిం జెప్పడు", చేతుల్లోకి శంఖచక్రాలు తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుడుణ్ణి సిద్ధం చేయించడు, జుట్టు సర్దుకోడు. టక టక టక ఐదు. ఆరోది "వీడఁడు", చేతిలో లక్ష్మి కొంగు అలాగే ఉండిపోయింది, దాని మీద క్లోజప్. ఇదీ పూర్తి కాదు, "ఉత్సాహియై" అంటాడు.

తిక్కన పక్షం:
అన్నీ బాగున్నాయి కానీ, ఆయన అడిగింది మొదటి సీన్. ఇది గజేంద్రమోక్షానికి క్లైమాక్సు కదా?

పాత మదరాసు:
మొదటి సీన్ కావాలంటే పరీక్షిత్తు అడిగేదే. "నీరాట వనాటములకుఁ బోరాటం బెట్లు గలిగె". నీళ్ళలో తిరిగేదానికీ అడవిలో తిరిగేదానికీ పోట్లాట ఎలా వచ్చింది, పురుషోత్తముడు ఎలా తీర్చాడు అని. కథ మొత్తం, ముగింపుతో సహా, ఒక్క కందంలో చెప్పేసి తర్వాత మొదలుపెట్టారు. ఎడిట్ రూము బాబు చెప్పిన బాంబు ఇదే, ముందే బల్ల కింద పెట్టారు.

అంబత్తూరు రైతుబిడ్డ:
అసలు ఈ పద్యం పోతన మొదటి ముక్క రాసి ఆగిపోతే, ఆయన వేషంలో రాముడొచ్చి పూర్తి చేశాడని కదా కథ. దాపల అంటే ఎడమా దగ్గరా అని ఇక్కడ కొట్టుకోవడం దేనికి, ఆ కెమెరామన్‌నే అడుగుదాం.

ట్రాలీ మనిషి:
అలా అయితే అది సెకండ్ యూనిట్ తీసినట్టు. కంటిన్యుటీ తప్పులకి పోతనని అనకూడదు.

ప్రాసభంగం:
నవ్వులాటకి తీసుకెళ్ళకండి. దాపల ప్రాస కోసం పడిన మాట కాదు, ఎడమ అన్న అర్థం మీద నేను నిలబడతాను.

మైలాపూరు పెద్దమ్మ:
నిలబడు నాయనా, నేను దగ్గర్లోనే కూర్చుంటాను.

సాలిగ్రామం ఎడిట్ రూము:
అందరికీ దండాలు. ఇప్పుడే ఆఫీసు నుంచి ఫోన్. డైరెక్టర్‌కి ఒకే షాట్ నచ్చింది, ట్రాలీయే. వీధిలోంచి ఇంట్లోకి, ఇంటి ఎడమపక్క నుంచి తిరిగి పేకాట గదికి అని బొమ్మలు కూడా గీయించాను. అయితే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఫ్లోర్ కొలిచారట. ఎడమపక్క గోడ అడ్డం, పట్టాలు పరవడానికి చోటు లేదు. కుడిపక్కకి మార్చేశారు. అంటే ఇప్పుడు మాది వలపల.

ప్రాసభంగం:
అలా ఎలా మారుస్తారండీ! "సౌధంబు వల" అంటే పాదం చివర ఒక గురువు ఉండాల్సిన చోట రెండు లఘువులు పడతాయి. గణం చెడుతుంది.